పాత ఇల్లు, పాత ఫర్నేస్: తప్పు థర్మోస్టాట్‌దేనా?

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు హీట్ రాకపోతే మొదట అనుమానం వచ్చేది గోడమీది థర్మోస్టాట్ మీదే. కళ్లెదురుగా కనిపించేది అదొక్కటే కదా. వెంటనే ఒక స్మార్ట్ థర్మోస్టాట్ ఆర్డరు పెడతారు. తీరా అది బిగించాక కూడా ఇల్లు చల్లగానే ఉంటుంది.

థర్మోస్టాట్ చేసేది చాలా చిన్న పని. గది చల్లబడితే రెండు వైర్లను కలుపుతుంది, వెచ్చబడితే విడదీస్తుంది. అంతే. కాబట్టి అది పాడైందో లేదో తెలియాలంటే కొత్తది కొనక్కర్లేదు. అది చేయాల్సిన పనిని ఒక చిన్న వైరు ముక్కతో మనమే చేసి చూస్తే తేలిపోతుంది. అయితే ఆ వైరు ముక్క పట్టుకునే ముందు గోడలో ఉన్న కరెంటు ఏ రకమో తెలియాలి. ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

ఇంకో మాట. ఇంట్లో గ్యాస్ వాసన వస్తున్నా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగుతున్నా ఇవేవీ చేయకండి. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, బయటినుంచే 911కి గానీ గ్యాస్ కంపెనీకి గానీ ఫోన్ చేయండి.

గోడ వెనక ఉన్నది ఏ కరెంటు?

థర్మోస్టాట్ మూత తీసి వైర్లు చూడండి. సన్నటి, రంగురంగుల వైర్లు, ఇడియప్పం పోగుల్లాంటివి, రెండు నుంచి ఎనిమిది దాకా కనిపిస్తే అది 24 వోల్టుల సిస్టమ్. గ్యాస్ ఫర్నేసులు, ఆయిల్ ఫర్నేసులు, బాయిలర్లు దాదాపు అన్నీ ఈ కోవలోవే. దీనివల్ల షాక్ భయం లేదు కానీ, తగలకూడని రెండు వైర్లు తగిలితే ఫ్యూజో, ట్రాన్స్‌ఫార్మరో పోతుంది.

లావుపాటి నలుపు, తెలుపు, ఎరుపు వైర్లు, వాటి కొసలకు ప్లాస్టిక్ టోపీలు బిగించి ఉంటే అది 120 లేదా 240 వోల్టులు. గోడ అడుగున పొడుగ్గా ఉండే ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లకు ఇలా ఉంటుంది. అక్కడే ఆగి, బ్రేకర్ ఆపి, మల్టీమీటర్‌తో (వోల్టులు, ఓములు కొలిచే చిన్న సాధనం) కరెంటు నిజంగా పోయిందో లేదో చూడండి. 240 వోల్టుల లైనులో రెండు వైర్లూ లైవే కాబట్టి రెండింటినీ పరీక్షించాలి. ఈ రకానికి 24 వోల్టుల థర్మోస్టాట్ బిగిస్తే అది కాలిపోవడం ఖాయం, మంటలు కూడా రావచ్చు. కింద చెప్పే వైరు ముక్క పరీక్ష దీనికి పనికిరాదు. కొత్తది కొనేటప్పుడు హీటర్ల వాట్లన్నీ కూడి వోల్టులతో భాగించండి: 2000 వాట్ల హీటరు 240 వోల్టుల మీద 8.3 ఆంపియర్లు లాగుతుంది. థర్మోస్టాట్ అంతకంటే ఎక్కువకు తట్టుకునేదై ఉండాలి.

మూడో రకం మిల్లీవోల్ట్. కాలిఫోర్నియాలో పాత ఇళ్ల వాల్ ఫర్నేసులు, ఫ్లోర్ ఫర్నేసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి బయటి కరెంటే అక్కర్లేదు. పైలట్ మంటలో ఉండే థర్మోపైల్ ఆ వేడితోనే అర వోల్టు, ముప్పావు వోల్టు పుట్టిస్తుంది, గ్యాస్ వాల్వ్ దానితోనే తెరుచుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి కూడా ఇల్లు వెచ్చగా ఉండటం దీని గొప్ప. ఇబ్బంది ఏమిటంటే అంత తక్కువ వోల్టేజీలో ఒకటి రెండు ఓముల అడ్డంకి కూడా బరువే. తుప్పు పట్టిన స్క్రూ, పాతబడిన కాంటాక్ట్, అవసరానికి మించి పొడుగున్న సన్నటి వైరు, ఏదైనా సరే వాల్వ్‌ను తెరవనివ్వదు. దీనికి స్మార్ట్ థర్మోస్టాట్ నేరుగా కలపడానికి లేదు. బ్యాటరీలతో నడుస్తూ, మిల్లీవోల్ట్ సిస్టమ్‌కు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలి. పొరపాటున 24 వోల్టులు ఇస్తే వాల్వ్ కాయిల్ కాలిపోతుంది.

ఇక్కడినుంచి చెప్పేదంతా 24 వోల్టుల సిస్టమ్ గురించి.

మీటర్ తీయకముందే

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. థర్మోస్టాట్ మీది మీట హీట్ దగ్గర ఉందా, కూల్ దగ్గర ఉండిపోయిందా? డిజిటల్‌దైతే బ్యాటరీలు మార్చండి. ఆల్కలైన్‌వే వాడండి. రీచార్జబుల్ సెల్లు 1.2 వోల్టులవి కాబట్టి థర్మోస్టాట్ వాటిని నిండుగా ఉండగానే అయిపోయినట్టు లెక్కేస్తుంది. తర్వాత బ్రేకర్ చూడండి. ఫర్నేస్ పక్కన మామూలు లైటు స్విచ్‌లా ఉండే స్విచ్ చూడండి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఆయిల్ బర్నర్ ఉన్న ఇళ్లలో బేస్‌మెంట్ మెట్ల పైభాగాన ఎర్ర ప్లేటున్న స్విచ్ ఒకటి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు అది మెట్ల లైటనుకుని ఆపేసి పోతుంటారు. ఫర్నేస్ ముందు తలుపు సరిగ్గా మూసుకోకపోయినా దాని వెనకున్న సేఫ్టీ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. ఫిల్టర్ మార్చాక హీట్ రాలేదంటే చాలాసార్లు కారణం ఈ తలుపే.

స్టీమ్ బాయిలరైతే పక్కనున్న గాజు గొట్టంలో నీళ్లు చూడండి. మట్టం పడిపోతే లో-వాటర్ కటాఫ్ బర్నర్‌ను వెలగనివ్వదు. థర్మోస్టాట్ ఎంత పిలిచినా పలకదు.

వైరు ముక్క పరీక్ష

ఫర్నేస్ స్విచ్ ఆపండి. థర్మోస్టాట్‌ను గోడప్లేటు నుంచి తీయండి. ముందు ఫోన్‌తో వైర్ల ఫొటో తీసుకోండి, ఏ వైరు ఏ అక్షరానికి ఉందో చిన్న టేపు ముక్కల మీద రాసి అంటించండి. పాత ఇళ్లలో రంగులను అసలు నమ్మొద్దు. ఆనవాయితీ ప్రకారం ఎర్ర వైరు ఆర్‌కు, తెల్లది డబ్ల్యూకు, పసుపు వైకి, ఆకుపచ్చ జికి, నీలం సికి వెళ్లాలి. కానీ 60 ఏళ్ల కిందట బిగించినాయన చేతిలో ఏ రంగుంటే అది వాడి ఉంటాడు. వైరు కాదు, అది తగిలించిన అక్షరం ముఖ్యం. ఆర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు, డబ్ల్యూ అంటే హీట్ కావాలని అడిగే వైరు. వై ఏసీది, జి ఫ్యానుది, సి ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లే దారి.

ఒక జానెడు 18 గేజ్ వైరు తీసుకుని రెండు కొసలా తోలు ఒలిచి ఆర్, డబ్ల్యూ రెండింటినీ కలపండి. ఫర్నేస్ స్విచ్ వేయండి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. కొత్త తరహా ఫర్నేసు ముందు చిన్న ఫ్యాను తిప్పి, ఇగ్నైటర్ వేడెక్కించి, ఆ తర్వాతే మంట వేస్తుంది.

మంట వచ్చిందంటే ఫర్నేసూ, గోడలో వైరూ బాగానే ఉన్నాయి. తప్పు థర్మోస్టాట్‌ది, లేదా థర్మోస్టాట్ గోడప్లేటుకు తగిలే చోటిది. రాలేదంటే థర్మోస్టాట్‌ను వదిలేసి బేస్‌మెంట్‌కు వెళ్లి, ఫర్నేస్ లోపలి సర్క్యూట్ బోర్డు మీదున్న ఆర్, డబ్ల్యూల దగ్గర అదే పని చేయండి (తలుపు తీసి ఉంటే సేఫ్టీ స్విచ్ కరెంటు ఆపేస్తుందని మరవకండి). అక్కడ వెలిగి, పైన వెలగలేదంటే మధ్యలో వైరు తెగింది. అక్కడా వెలగకపోతే జబ్బు ఫర్నేసులో ఉంది. పరీక్ష అయ్యాక ఆ ముక్క తీసేయడం మర్చిపోకండి. అది ఉన్నంతసేపూ ఫర్నేస్ ఆగదు.

ఈ పరీక్షను గ్యాస్ వాల్వ్ దగ్గర మాత్రం చేయకూడదు. పాత ఫర్నేసుల్లో వాల్వ్ రెండు టెర్మినళ్లను కలిపితే, పైన థర్మోస్టాట్ కలిసి ఉన్న సమయంలో 24 వోల్టులూ థర్మోస్టాట్ లోపలి సన్నటి తీగ మీద పడతాయి. ఆ తీగ కాలిపోతుంది. అప్పటిదాకా బాగున్న థర్మోస్టాట్ నిజంగానే పాడవుతుంది.

మీటర్ ఉంటే పని ఇంకా సుఖం. ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి ఫర్నేస్ బోర్డు మీద ఆర్, సి మధ్య చూడండి. 24 నుంచి 28 దాకా రావాలి. సున్నా వస్తే బోర్డు మీద కార్లలో వాడే రకం చిన్న బ్లేడ్ ఫ్యూజు వెతకండి. ఊదా రంగుదైతే 3 ఆంపియర్లు, లేత గోధుమ రంగుదైతే 5. కాలిపోతే అంతే విలువున్నది వేయండి, పెద్దది వేయొద్దు. వేసిన వెంటనే మళ్లీ కాలిందంటే ఎక్కడో ఆర్ వైరు సి వైపుకు తగులుతోంది. ఇంట్లో వెతికే ముందు వై వైరు తీసి చూడండి. బయటి ఏసీ యూనిట్‌కు వెళ్లే సన్న వైరును గడ్డి కోసే మిషను చెక్కేసి ఉండొచ్చు, కుక్కపిల్లో ఉడుతో కొరికి ఉండొచ్చు. చలికాలం హీట్ రాకపోవడానికి ఏసీ వైరు కారణమంటే నమ్మబుద్ధి కాదు గానీ, ట్రాన్స్‌ఫార్మర్ రెండింటికీ ఒకటే.

గోడలో వైరు మీద అనుమానముంటే ఫర్నేస్ ఆపి, రెండు కొసల్లోనూ వైర్లు విప్పండి. పైన రెండు వైర్లను మెలిపెట్టి కలిపి, కింద ఓముల మీద చూడండి. 18 గేజ్ రాగి వైరు వెయ్యి అడుగులకు ఆరున్నర ఓములు మించదు. యాభై అడుగుల దూరమంటే రానూపోనూ వంద అడుగులు, ఒక ఓము లోపే రావాలి. పది, ఇరవై కనిపిస్తే ఎక్కడో అతుకు వదులైంది. మెలి విప్పి మళ్లీ చూస్తే మీటర్ ఓముల అంకె ఏదీ, సున్నా కూడా, చూపించకూడదు. చూపించిందంటే రెండు వైర్లూ లోపలే తగులుతున్నాయి. కేబుల్ నడుమగా కొట్టిన మేకు, ఎలుక కొరికిన చోటు, ముట్టుకుంటే రాలిపోయే పాత గుడ్డ తొడుగు, సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది: హీట్ అసలు ఆగదు. థర్మోస్టాట్ దగ్గర డబ్ల్యూ వైరు విప్పేయండి. ఆగితే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఆగకపోతే ఫర్నేస్ దగ్గర డబ్ల్యూ విప్పండి. అప్పుడు ఆగితే వైరు షార్ట్. అప్పటికీ ఆగకపోతే గ్యాస్ వాల్వో, రిలేనో (కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్) ఇరుక్కుంది. ఫర్నేస్ స్విచ్ ఆపి, గ్యాస్ కాక్ మూసి, మెకానిక్‌ను పిలవండి.

గుండ్రటి పాత థర్మోస్టాట్

పాత ఇళ్ల గోడల మీద ఇప్పటికీ కనిపించే గుండ్రటి హనీవెల్ టి87ను డిజైనర్ హెన్రీ డ్రేఫస్ రూపొందించాడు. 1953లో మార్కెట్‌లోకి వచ్చింది. పైన గుండ్రటి మూతను లాగితే ఊడి వస్తుంది. లోపల చుట్టలా తిరిగిన రెండు లోహాల స్ప్రింగు, దాని కొసన గాజు బుడ్డి, అందులో పాదరసం. గది చల్లబడితే స్ప్రింగు తిరిగి బుడ్డి ఒరుగుతుంది, పాదరసం జారి రెండు తీగలను కలుపుతుంది. బుడ్డి మూసి ఉంటుంది కాబట్టి కాంటాక్టులకు దుమ్ము పట్టదు. ఇన్ని దశాబ్దాలు నడవడానికి అదే కారణం. నా ఉద్దేశంలో బాగా పనిచేస్తున్న టి87ను పీకేయాల్సిన అవసరం లేదు.

ఇందులో తప్పు జరిగేవి మూడు. ఒకటి, పెయింటు వేసినప్పుడు ప్లేటు వంకరగా బిగించడం. పాదరసం వాలును బట్టే పనిచేస్తుంది గనుక ప్లేటు ఒరిగితే 70 దగ్గర పెట్టినా 66 దగ్గరో 74 దగ్గరో ఆగుతుంది. చిన్న లెవెల్ పెట్టి సరిచేయండి. రెండు, థర్మోస్టాట్‌ను ప్లేటుకు పట్టి ఉంచే మూడు స్క్రూలు. అవి కేవలం బిగింపు కోసం కావు, కరెంటు వాటిగుండానే వెళుతుంది. వదులైతే ఒకరోజు వచ్చి ఒకరోజు రాని హీట్ సమస్య మొదలవుతుంది.

మూడోది యాంటిసిపేటర్. దీన్ని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది మెకానిక్‌లు కూడా దీన్ని పట్టించుకోరు. బర్నర్ ఆగిన తర్వాత కూడా ఫర్నేసులో, రేడియేటర్లలో మిగిలిన వేడి గదిలోకి వస్తూనే ఉంటుంది. గది 70కి చేరాక ఆపితే 73 దాకా పోతుంది. అందుకని స్ప్రింగు పక్కనే ఒక సన్నటి తీగ పెట్టారు. హీట్ నడుస్తున్నప్పుడు గ్యాస్ వాల్వ్‌కు వెళ్లే కరెంటే ఆ తీగలోంచి వెళ్లి దాన్ని కాస్త వేడెక్కిస్తుంది. స్ప్రింగు గది కంటే ముందే వెచ్చబడి బర్నర్‌ను కాస్త ముందుగా ఆపుతుంది. ఎంత ముందుగా అన్నది మీద ఉన్న చిన్న ముల్లు చెబుతుంది. ఆ ముల్లు కింది అంకెలు ఆంపియర్లు, డిగ్రీలు కావు.

ముల్లు మీ వాల్వ్ లాగే కరెంటు దగ్గర ఉండాలి. గ్యాస్ వాల్వ్ మీదో, ఫర్నేస్ తలుపు లోపలి కాగితం మీదో ఆ అంకె రాసి ఉంటుంది. మామూలు గ్యాస్ వాల్వ్‌లకు 0.4 చుట్టుపక్కల. రాసి లేకపోతే ఆర్, డబ్ల్యూలను కలిపే వైరును కాస్త పొడుగ్గా తీసుకుని క్లాంప్ మీటర్ (వైరును దవడలో పట్టుకుని ఆంపియర్లు కొలిచేది) దవడ చుట్టూ పది చుట్లు తిప్పండి. ఒక నిమిషం నడిచాక వచ్చిన అంకెను పదితో భాగించండి.

ముల్లు ఉండాల్సిన దానికంటే చిన్న అంకె దగ్గరుంటే తీగ ఎక్కువ వేడెక్కి, హీట్ రెండు మూడు నిమిషాలకే ఆగి, కాసేపటికే మళ్లీ మొదలవుతుంది. పెద్ద అంకె దగ్గరుంటే ఎక్కువసేపు నడిచి గది ఉడికిపోతుంది. స్టీమ్ రేడియేటర్లున్న ఇంట్లో కావాలనే పెద్ద అంకె వైపు జరుపుతారు, ఎందుకంటే గొట్టాలన్నీ నిండి చివరి రేడియేటర్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. తీగ కాలిపోయి ఉంటే మాత్రం హీట్ అసలు రాదు, అప్పుడు థర్మోస్టాట్ మార్చడమే.

డిజిటల్ థర్మోస్టాట్లలో ఈ ముల్లు పని గంటకు ఎన్నిసార్లు అనే సెట్టింగు చేస్తుంది. హనీవెల్ మోడళ్లలో స్టీముకు 1, వేడినీళ్ల బాయిలర్‌కూ 90 శాతం పైబడిన గ్యాస్ ఫర్నేసుకూ 3, అంతకంటే తక్కువ సామర్థ్యమున్న పాత గ్యాస్, ఆయిల్ ఫర్నేసులకు 5. పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలేస్తే స్టీమ్ ఇంట్లో చివరి గది ఎప్పటికీ చల్లగానే ఉంటుంది.

థర్మోస్టాట్‌ను మోసం చేసే గోడ

తీసి చూస్తే అన్నీ బాగుండి, అంకె మాత్రం తప్పు చూపిస్తుంటే వైర్లు వచ్చే రంధ్రం చూడండి. పాత ఇళ్ల గోడల లోపల బేస్‌మెంట్ నుంచి అటక దాకా ఖాళీ ఉంటుంది. అందులోంచి వచ్చే చల్లగాలి థర్మోస్టాట్ వీపుకు తగులుతుంది. ప్లంబర్ పుట్టీయో, సందులు పూడ్చే కాక్ (caulk) కాస్తో పెట్టి ఆ రంధ్రం మూయండి. థర్మోస్టాట్ లోపలి గోడ మీద, నేలనుంచి ఐదడుగుల ఎత్తున, ఎండ పడని చోట ఉండాలి. పక్కన టీవీ, దీపాలు ఉండకూడదు. హాల్లో దాని కిందే పూజ అలమర పెట్టి కార్తీక మాసమంతా దీపాలు వెలిగిస్తే, దేవుడి ముందు 72 డిగ్రీలు, పడగ్గదిలో 61. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు త్వరగా వెచ్చబడుతుందని 85కి తిప్పినా వేగం ఏమీ పెరగదు. ఒకే మంట, కాకపోతే ఆగడమే ఆలస్యమవుతుంది.

స్మార్ట్ థర్మోస్టాట్, రెండే వైర్లు

పాత ఇంట్లో ఆర్, డబ్ల్యూ రెండే ఉంటాయి. స్మార్ట్ థర్మోస్టాట్‌కు వైఫై కోసం రోజంతా కరెంటు కావాలి. సి వైరు లేనప్పుడు అది గ్యాస్ వాల్వ్ కాయిల్ గుండా కొంచెం కొంచెం లాక్కుంటుంది. అది చాలకపోతే బ్యాటరీ పడిపోతుంది, మరీ ఎక్కువైతే రిలే టకటకా కొట్టుకుంటుంది, హీట్ వచ్చి పోతూ ఉంటుంది. బిగించి రెండు వారాలు బాగా నడిచి, గట్టి చలి రోజున స్క్రీను ఆరిపోయిందంటే దాదాపుగా ఇదే కారణం.

గోడలోంచి కేబుల్‌ను కాస్త బయటికి లాగి చూడండి, వాడకుండా వెనక్కి మడిచిన వైరు ఉండొచ్చు. ఉంటే రెండు కొసలా సికి కలపండి. పాత ఫర్నేసులో బోర్డు లేకపోతే, ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టుల వైపు రెండు స్క్రూల్లో ఒకటి థర్మోస్టాట్ ఆర్‌కు, రెండోది నేరుగా గ్యాస్ వాల్వ్‌కు వెళుతుంది. ఆ రెండోదే సి. హీట్ నడుస్తున్నా ఆగినా దానికీ ఆర్‌కీ మధ్య 24 వోల్టులు ఉండాలి. అదనపు వైరు లేకపోతే పాత కేబుల్‌ను తాడులా వాడి, దాని కొసకు ఐదు వైర్ల 18 గేజ్ కేబుల్ కట్టి లాగడం మేలు. పాతది మేకులతో బిగించి ఉంటే మాత్రం రాదు. ఫ్యాను జి వైరును సిగా మార్చుకునే ఉపాయం కూడా ఉంది, కానీ అప్పుడు థర్మోస్టాట్ నుంచి ఫ్యానును విడిగా నడపలేరు, ఏసీ ఉంటే ఫర్నేస్ దగ్గర వై, జిలను కలపాల్సి వస్తుంది.

ఆయిల్ బాయిలర్ల మీద టి, టి అని రెండు టెర్మినళ్లుంటాయి. వాటికి బయటి ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఎప్పుడూ కలపకండి. అవి తమ వోల్టేజీని తామే ఇస్తాయి, వాటికి కావలసింది కలిపి విడదీయడమే. అక్కడ సి ఉండదు కాబట్టి స్మార్ట్ థర్మోస్టాట్‌కు విడిగా 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, మధ్యలో రెండు కరెంటులూ కలవకుండా చూసే ఒక ఐసొలేషన్ రిలే పెట్టాలి. జోన్ వాల్వ్‌లున్న (ఇంట్లో ఒక్కో భాగానికి విడిగా వేడినీళ్లు వదిలేవి) బాయిలర్‌కు ఇంకో లెక్క: టాకో కంపెనీ పాత వాల్వ్‌లు ఒక్కోటీ 0.9 ఆంపియర్ల దాకా లాగుతాయి. మూడింటికి మించి ఒకే 40 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టరు. అవి తెరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, పాడైందనుకుని ముందే విప్పకండి.

మంట వచ్చి కొన్ని సెకన్లకే ఆరిపోతుంటే థర్మోస్టాట్‌ను అనుమానించొద్దు. మంట ఉందో లేదో పసిగట్టే ఫ్లేమ్ సెన్సార్ కడ్డీ మసిబారింది. కాసేపు బాగా నడిచి, ఫ్యాను తిరుగుతుండగా మంట మాత్రమే ఆగిపోతుంటే ఫిల్టర్ మూసుకుపోయి, లోపల వేడెక్కి, లిమిట్ స్విచ్ ఆపుతోంది.

పాదరసమున్న పాత థర్మోస్టాట్ తీసేస్తే చెత్తలో వేయకండి. ఒక్కో బుడ్డిలో దాదాపు 3 గ్రాముల పాదరసం ఉంటుంది. మూతతో సహా జిప్ సంచిలో పెట్టి, ఒరగకుండా, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున ఇవ్వండి. హీటింగ్ సామాన్లు అమ్మే హోల్‌సేల్ షాపుల్లో చాలాచోట్ల వీటికోసమే పెట్టెలుంటాయి. బుడ్డి పగిలితే వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు, చీపురుతో ఊడ్వొద్దు. కిటికీలు తెరిచి, పిల్లల్ని ఆ గదిలోంచి పంపించి, పూసల్ని గట్టి కాగితంతో ఒకచోటికి చేర్చి, మూతున్న సీసాలోకి ఎత్తండి.